శేషత్త పిడి వదిలిన ఏడాది

మధ్యాహ్నం అన్నం తిని ఇలా నడుం వాల్చానో లేదో, ఇల్లంతా పొగ కమ్మేసింది. మాధవరంలో మా ఫ్లాటుకి గాలి వచ్చే దారులు తక్కువ, వచ్చిన పొగ పోయే దారులు ఇంకా తక్కువ. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్తే మా అమ్మాయి హేమ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని బాండలి ముందు నిలబడి దగ్గుతోంది. సెలవు రోజు ఏదో ఒకటి చెయ్యకపోతే దానికి తోచదు. ఆమధ్య కేకులు చేసింది, తరవాత ఇంట్లోనే సబ్బులు పోసింది. ఈసారి పచ్చి కాఫీ గింజలు తెప్పించింది. ఇంట్లోనే వేయించి, ఇంట్లోనే పొడి చేసుకుంటుందట. "అమ్మా, ఫస్ట్ క్రాక్ వినిపించిందా నీకు, గింజలు చిట్లే చప్పుడు? వీడియోలో బాగా వినిపిస్తోంది, ఇక్కడ ఒన్నుమే కేక్కలే," అంది. అరవ ఊళ్ళో కాపురం కదా, మా ఇంట్లో తెలుగులో మొదలైన మాట అరవంలో ముగుస్తుంది, దానికి విసుక్కోవడం నేను మానేసి చాలా కాలమైంది. బాండలిలోకి తొంగి చూశాను. సగం గింజలు బొగ్గులు, సగం గింజలు ఇంకా పచ్చివి.

"నీకు తెలుసా ఇది?" అని అడిగింది. తెలుసన్నాను. "అయితే చెప్పు, ఎప్పుడు దించాలి?" అంది. చెప్పలేదు. చెప్పడానికి ఓపిక లేదు. ఈమధ్య నాకు దేనికీ ఓపిక ఉండటం లేదు. పొద్దున అందరికంటే ముందు లేచి డికాషన్ దించాలి, పాలు కాచాలి. మా ఆయనకి చక్కెర లేకుండా, అల్లుడికి చిక్కగా, హేమకి పాలు లేకుండా నల్లగా. లేచాక ముగ్గురూ మూడు గదుల్లో కూర్చుంటారు, మూడు చోట్లకీ మోసుకెళ్ళాలి. ఇదేమంత పని అని ఎవరైనా అనవచ్చు. నిజంగానే పెద్ద పనేం కాదు. కానీ ఏ రోజూ ఆగని పని. కిటికీ తీసి, హాల్లో కుర్చీలో కూలబడ్డాను. ఆ మాడు వాసన మాత్రం నన్ను పట్టుకుని నా చిన్నప్పటి పెరంబూరు ఇంటికి ఈడ్చుకుపోయింది.

పెరంబూరులో మేమున్న ఇల్లు రైలు పెట్టెల కార్ఖానాకి దగ్గర. వీధిలో మేము తప్ప దాదాపు అందరూ రైల్వే వాళ్ళే. కార్ఖానా కూత కూస్తే మగవాళ్ళు గబగబా సైకిళ్ళెక్కేవారు, ఆ కూతతోనే మా నాన్న కూడా చొక్కా వేసుకునేవాడు. ఆయనకి టౌనులో మిరియాలు, శొంఠి టోకుగా అమ్మే అంగడి ఉండేది. లోకల్ రైలుకి పోయేముందు ఒక పెద్ద గ్లాసెడు కాఫీ తాగాలి. అది ఇంట్లో వేయించిన గింజలతో, ఇంట్లో తిప్పిన పొడితో, మా అత్త చేత్తో చేసిందై ఉండాలి. పెళ్ళిళ్ళకి పోయినా బయటి కాఫీ ముట్టేవాడు కాదు. తలనొప్పి వస్తుందనేవాడు. అది తలనొప్పి కాదు, గర్వం అని మా అమ్మ అనేది.

అత్త అంటే నాన్నకి అక్క, శేషమ్మ. మా అందరికీ శేషత్త. చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిందట. వచ్చిన కొన్నాళ్ళకే మా నాయనమ్మ పోయింది. అప్పటికి నాన్న నిక్కర్ల పిల్లవాడు. ఆయన్ని పెంచింది, బడికి పంపింది, అంగడిలో కూర్చోబెట్టింది, పెళ్ళి చేసింది అన్నీ ఈమే. తరవాత నన్ను కూడా ఈమే పెంచింది. నా తమ్ముడికి ఆయాసం. అమ్మ వాడికి ఛాతీ మీద వేడి కాపడం పెడుతూ, ఆవిరి పట్టిస్తూ రోజంతా వాడితోనే ఉండేది. నాకు తల దువ్వింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది, నేను పెద్దమనిషినైనప్పుడు నా చెవిలో ఏం చెప్పాలో అది చెప్పింది శేషత్తే. ఆమె చీర కొంగుకి ఎప్పుడూ కాస్త పొగ వాసన ఉండేది. నాకు అమ్మ వాసన అంటే అదే.

శుక్రవారం తలంట్లు, వంటలు అయ్యాక వెనక వసారాలో కుంపటి రాజుకునేది. కుంపటి మీద రెండు కాళ్ళ చట్రం, దాని మీద ఇనుప డబ్బా. డబ్బా మధ్యలోంచి ఒక కమ్మీ, కమ్మీ చివర కొయ్య పిడి. డబ్బాకి చిన్న తలుపు. అందులోంచి పచ్చి గింజలు పోసి, తలుపు గడి పెట్టి, అత్త పీట మీద కూర్చుని పిడి తిప్పేది. గింజలు లోపల గలగలమనేవి. ముందు ఎండుగడ్డి వాసన, తరవాత అటుకులు వేయించిన వాసన, ఆ తరవాత కాఫీ వాసన. వాసనలు మారుతున్న కొద్దీ అత్త తిప్పే తీరు మారేది. ఉన్నట్టుండి చిటపటలు మొదలయ్యేవి. ఆమె తల ఒక పక్కకి వంచి వినేది, ఏదో ఒక క్షణాన డబ్బా ఎత్తి చేటలోకి వంపేసేది. చింతగింజ రంగులో నిగనిగలాడే గింజలు. నిలబడి చేటతో చెరిగితే పొట్టు పెరట్లోకి ఎగిరిపోయేది. అవి ఆదివారం దాకా మూతపెట్టిన జాడీలో ఉండేవి. ఆదివారం గోడకి బిగించిన చేతిమరలో పొడి పట్టేది. ఇంత చేసి, అత్త మాత్రం కాఫీ తాగేది కాదు. పొద్దున జీలకర్ర కషాయం తాగేది. ఎందుకని మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో అత్త తొట్టి దగ్గర పాచి మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించారు. కట్టు విప్పినా ఆ వయసులో చెయ్యి మునుపటిలా పనిచేయదని తెలిసినవాళ్ళంతా చెప్పారు. ఉన్న పొడి అయిపోవచ్చిన రోజు, నాన్న అంగడికి బయలుదేరుతుంటే అమ్మ మాట ఎత్తింది.

"వదినా, ఇంక చాలు. మూలమీద అంగట్లో మిషన్లో వేయించి, కళ్ళముందరే పొడి కొట్టిస్తాండారు. ఆడ తెచ్చుకుందాం. ఈ వయసులో నీకెందుకు ఈ పొగ?"

అత్త కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని, "ఆమాలే, నువ్వనేది మంచిదే. ఇంక నాకు ఈడ పనేముండాది? చెయ్యి కూడుకుంటే నాయుడుపేటకి మన పెద్దక్క దగ్గిరికి పోతా," అంది.

నాన్న చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. "ఎవురూ యాడికీ పోయేది లేదు. అంగడి పొడి కూడా వద్దు," అన్నాడు. "మరి ఎవురు వేయించేది, మీరా?" అంది అమ్మ. అత్త లేని ఇల్లు నేను ఊహించలేను. కాఫీ పని ఉంటే అత్త ఉంటుంది, అది పోతే అత్త పోతుంది, నాకు అర్థమైంది ఇంతే. "నేను వేయిస్తా నాన్నా, అత్త కూర్చోని చెప్తే చాలు," అన్నాను. అమ్మ నవ్వింది. "నువ్వా? అప్పడం కాల్చమంటే పొయ్యిలో పడేస్తావే!" అంది. అత్త నా వైపు చూసింది. ఆ చూపుని నేను ప్రేమ అనుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ అందులో ఇంకేదో కూడా ఉందని చాలా కాలానికి గాని తెలియలేదు.

మొదటిసారి కుంపటి నిండా బొగ్గులు పోసి భగభగలాడించాను. గింజలు పైన నల్లగా, కొరికితే లోపల పచ్చిగా ఉన్నాయి. నాన్న సగం తాగి, రైలుకి వేళైందని లేచిపోయాడు. ఆ తరవాత భయపడి సన్నని సెగ పెట్టాను. చేతులు పడిపోయేలా తిప్పినా చిటపటలు రాలేదు, కాఫీ గడ్డి ఉడకబెట్టిన నీళ్ళలా ఉంది. ఇంకోసారి అన్నీ బాగా కుదిరాయి, చిటపటలు విన్నాను, డబ్బా దించాను, కానీ కాలుతున్న తలుపు గడి తీయడానికి గుడ్డ పక్కన పెట్టుకోలేదు. గుడ్డ తెచ్చేలోపు ఆ వేడికే లోపలి గింజలు మాడిపోయాయి. వేయించిన రోజే ఆత్రంగా పొడి పడితే, ఫిల్టర్లో వేడినీళ్ళు పొయ్యగానే పొడి బుసబుస పొంగి పై అర దాటి వచ్చేసింది. మా తమ్ముడు ఆయాసం మధ్యలో కూడా పొర్లి పొర్లి నవ్వాడు.

అన్నింటికంటే ఘనకార్యం ఆముదం. మా ఇంట్లో కొత్త కందిపప్పు మూట వస్తే పురుగు పట్టకుండా ఆముదం పట్టించి ఎండబెట్టడం రివాజు. గోధుమలకీ అంతే. చిన్నప్పటి నుంచి ఆ పని నాదే. నాన్న పెద్ద మూట పచ్చి గింజలు తెప్పించాడు. అత్త చెయ్యి బాగయ్యేదాకా ఇవి పాడవకూడదు కదా అని, నా తెలివికి నేనే మురిసిపోయి, మూటలో సగం మేడ మీద పరిచి రెండు చేతులా ఆముదం పట్టించాను. అత్త అడిగితే "ఇప్పుడు చెప్పను, ఆదివారం చూపిస్తా" అన్నాను. ఆ గింజలు వేయించిన రోజు ఆముదం కంపుకి వీధిలో వాళ్ళు వచ్చి మా ఇంట్లో ఎవరికి బాలేదని అడిగారు.

నాన్న గ్లాసు ఎత్తి, వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇదేంది, కాఫీ మీద నూనె తేల్తాండాది?" అన్నాడు. సంగతి చెప్పాను. అమ్మ గోడ పట్టుకుని నవ్వింది. "తాగండి, తాగండి. ఈ రోజు అంగడికి సెలవే!" అంది. అత్త నవ్వి నవ్వి కట్టు చెయ్యి నొప్పెట్టి, "అమ్మో, నన్ను చంపబాకమే" అని కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పెరట్లో చెంబుల దగ్గర కూర్చుని వెక్కుతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. "ఎందుకుమే ఇంత కష్టపడతావు? కుదరకపోతే అంగడిపొడే తెచ్చుకుంటారు," అంది. "నువ్వు పోకూడదని," అన్నాను. అత్త నా జడ విప్పి ఎడంచేత్తోనే చిక్కు తీయడం మొదలుపెట్టింది.

ఆ మరుసటి వారం నుంచి ఆమె నిజంగా నేర్పించింది. అప్పటిదాకా "వాసన వస్తాదిలే, తెలుస్తాదిలే" అనేదే తప్ప చెప్పేది కాదు. అది నా మీద అలక అనుకునేదాన్ని. ఇప్పుడు పీట నా పక్కకి జరుపుకుంది. గుప్పెడు గింజలతో ముందు ఆడమంది. "చూడబాకు, విను," అని నా మొహం గోడ వైపు తిప్పించింది. చిటపటలు గట్టిగా మొదలై, నెమ్మదించి, మళ్ళీ సన్నగా మొదలయ్యేముందు కాస్త సద్దు మణుగుతుంది. "ఆ సందులో దించాల. ఇంకొంచెం అనుకోబాకు. పొయ్యి మీది నుంచి దిగినా అవి లోపల ఉడుకుతానే ఉంటాయి," అంది. నాకు ఆ సందు ఎన్నో వారాలు దొరకలేదు. దొరికిన రోజు నాకు నేనుగా చెయ్యి కదిలింది, డబ్బా ఎత్తి వంపేశాను. చేటలో చింతగింజ రంగు. నేను అత్త వైపు చూశాను, అత్త చేట వైపు చూసింది. "రెండు దినాలు తాకబాకు," అని మాత్రం అంది.

పొడి పట్టిన మర్నాడు మాధవరం డైరీ పాలు కాచి, డికాషన్ కలిపి, నురగ తేలేలా ఎత్తి పోసి నాన్నకి ఇచ్చాను. ఆయన పేపరు చూస్తూ ఒక గుక్క తాగాడు. పేపరు దించాడు. ఇంకో గుక్క తాగాడు. వంటింటి వైపు గొంతెత్తి, "అక్కా, చెయ్యి బాగైపోయిందా? నాకు చెప్పనే లేదే!" అన్నాడు. నాకు ఆ తరవాత జీవితంలో కొన్ని మెప్పులు దొరికాయి. ఏదీ దానికి సాటి రాలేదు. గెంతుతూ వంటింట్లోకి పోయి అత్తని వాటేసుకున్నాను. అత్త నన్ను ఎడంచేత్తో దగ్గరికి పొదువుకుని, చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రం బయట నుంచి వస్తే, అత్త తన రేకు పెట్టె తీసి చీరలు మడిచి పెట్టుకుంటోంది. ఎందుకని అడిగాను. "నాయుడుపేటకి పోతాండా పాపా. మీ నాయనతో చెప్పినా," అంది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం నేనెప్పుడూ అలా చూడలేదు.

"నేనేం తక్కువ చేసినానక్కా?" అన్నాడు.

"తక్కువ చెయ్యలేదు గాబట్టే ఇన్నాళ్ళు పోలేకపొయినా," అంది అత్త. "నువ్వు చెయ్యి పట్టుకోని వద్దంటావు, నేను మల్లా కుంపటి ముందర కూర్చుంటా. నీ మనసు నొప్పించలేక కూర్చున్నా గానీ, నాకు ఇష్టమై కాదురా. ఆ వాసనకి నాకు కడుపులో తిప్పతాది. మొదటి నుంచీ అంతే. అలిసిపొయినా తమ్ముడా. పెద్దక్క దగ్గిర ఊరికే కూర్చుంటా. ఎవురికీ ఏమీ చేసిపెట్టకుండా కొన్నాళ్ళుండాలని ఉండాది."

నేను ఆమె చీర పట్టుకున్నాను. "నేను నీకోసరమే నేర్చుకున్నా కదా!" అని అరిచాను. "తెలుసు," అంది. "ఎవురన్నా నేర్చుకుంటారా అని ఎన్నేండ్లు చూసినానో. చెప్పి నేర్పించాలంటే మనసు రాలా, నా మెడలోది తీసి ఇంకొకరి మెడలో వేసినట్టుంటాది కదా. నువ్వే అడిగితివి. నన్ను విడిపించింది నువ్వేమే." ఏడవద్దని చెప్పలేదు. నేను ఏడుస్తుంటే పెట్టె సర్దుకుంటూనే ఉంది. మర్నాడు నాన్న సెంట్రల్లో రైలెక్కించి వచ్చాడు. ఆ రోజు అంగడికి పోలేదు. నేను కలిపిచ్చిన కాఫీ తాగి, "బాగుంది" అన్నాడు, అంతే.

పెళ్ళయ్యేదాకా శుక్రవారాలు నేనే ఆ పిడి తిప్పాను. అత్తింటికి వచ్చాక అందరిలాగే అంగడి పొడి. అత్తని చూడటానికి ఒకసారి నాయుడుపేట పోయాను. వాకిట్లో మంచం వేసుకుని, జాజిపూలు ఒళ్ళో పోసుకుని కూర్చుని ఉంది, కాస్త ఒళ్ళు చేసింది. నన్ను చూసి ఎంతో సంబరపడింది, కానీ నాన్న కాఫీ గురించి ఒక్క మాట అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మమ్మల్ని వదిలేసి ఇంత హాయిగా ఎలా ఉంటుందని. ఆ కోపం నాతోనే ఉండిపోయింది. ఆమె పోయిన కబురు వచ్చినప్పుడు ఏడ్చాను గానీ, ఆ ఏడుపులో కూడా కోపం ఉంది. మనల్ని ప్రేమించినవాళ్ళు మన దగ్గర అలిసిపోయారంటే ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా అడిగితే, అప్పుడు ఆ పొగ ఒకరి మెడకి కట్టిన పని, ఇప్పుడు మా హేమకి అది సెలవు రోజు సరదా. తప్పు కాదు, దానికీ వారమంతా కంప్యూటరు ముందు నలుగుడే. గింజలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకేలా మాడతాయి. హేమ రెండో వాయి వేసింది. ఈసారి నేను లేచి వెళ్ళి మొహం గోడ వైపు తిప్పి వినమన్నాను. సందు పట్టుకోలేకపోయింది గానీ, బొగ్గు కాకుండా దించింది. ఆ ఊపు మీద ఉన్నప్పుడే అడిగాను.

"హేమా, రేపటి నుంచి పొద్దున కాఫీ నువ్వు పెడతావా?"

అది ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఏమ్మా, ఉడంబు సరి లేదా, ఒంట్లో బాలేదా? ఎక్కడికైనా పోతున్నావా?" అంది. ఆ కళ్ళలో భయం చూసి "లేదులే, ఊరికే అన్నా" అనబోయాను. నాలుక దాకా వచ్చింది. నాకు పెట్టె సర్దుకుని పోవడానికి అక్క ఇల్లు లేదు, పోవాలనీ లేదు. "ఎక్కడికీ పోనే. ఇక్కడే ఉంటాను. అలిసిపోయాను, అంతే," అన్నాను. చెప్పాక నాకే సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. హేమ స్టవ్ ఆపి, "సరేమ్మా, నేను లేస్తాను," అంది. లేస్తుందని నేను నమ్మలేదు.

తెల్లారి ఎప్పటిలాగే మెలకువ వచ్చింది. అలవాటుగా కాళ్ళు కింద పెట్టాను. వంటింట్లో లైటు వెలుగుతోంది, గిన్నె కింద పడ్డ చప్పుడు, హేమ తనని తాను తిట్టుకుంటున్న చప్పుడు. కాళ్ళు మళ్ళీ మంచం మీదకి తీసుకున్నాను. మా ఆయన అటు తిరిగి నిద్రపోతున్నాడు. శేషత్త నాయుడుపేటలో మొదటి పొద్దున ఇలాగే కళ్ళు తెరిచి, కుంపటి రాజెయ్యక్కర్లేదని గుర్తొచ్చి, ఇలాగే పడుకుని ఉంటుంది. ఆమె మీద ఎన్నేళ్ళుగానో మోసిన కోపం అప్పుడు పోయింది. హేమ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, మంచం అంచున కూర్చుని, "ఎలా ఉంది?" అంది. మాడు వాసన, పైగా డికాషన్ పలచన. బాగుందని చెప్పి, గ్లాసు ఖాళీ చేసి దాని చేతికే ఇచ్చి, దుప్పటి లాక్కుని మళ్ళీ పడుకున్నాను.